చుక్క చుక్కలా ఉండాలంటే



నాలుగేళ్ల కిందటి మాట. పుష్యమాసం, అమావాస్య రాత్రి. కడప జిల్లాలో మా ఊరి బయట చెనిక్కాయ పీకేసిన చేను. చలికి దుప్పటి కప్పుకొని నేనూ, మా అక్క కొడుకూ కూర్చున్నాం. నెత్తిన ఓరియన్ మండలం. మన పంచాంగంలోని మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలు ఉండేది ఆ మండలంలోనే. నడుమ వరుసగా మూడు చుక్కలు, వాటి కింద ఒరలా వేలాడే ఇంకో చిన్న వరుస. ఆ ఒరలో నడిమి చుక్కను నిదానంగా చూస్తే కాస్త పొగచూరినట్టు కనిపిస్తుంది. అదే ఓరియన్ నెబ్యులా. దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం.

200 మిల్లీమీటర్ల లెన్సు తగిలించిన కెమెరాను, ఆకాశంతో పాటు మెల్లగా తిరిగే చిన్న మౌంటు మీద బిగించాను. ఒక్కో ఫొటోకు ఒక నిమిషం. అలా 60 ఫొటోలు తీశాను. తెల్లారి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే, 60లో 21 మాత్రమే పనికొచ్చాయి. మిగతా 39టిలో చుక్కలు వడ్లగింజల్లా సాగి ఉన్నాయి. అన్నీ ఒకే దిక్కుకు.

అంతదాకా నేను నమ్మిన మాట ఒకటే. ఎంత ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచితే ఫొటో అంత బాగా వస్తుందని. ఆ నమ్మకం సగమే నిజమని ఆ తెల్లవారుజామున తెలిసింది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలో ఎలా తేల్చుకోవాలన్నదే ఈ రాత్రి నేను చెప్పబోయేది. అదీ ఆటోగైడింగ్ లేనివాళ్ల కోసం. ఆటోగైడింగ్ అంటే, పెద్ద లెన్సు పక్కన చిన్న టెలిస్కోపు, దానికి ఇంకో కెమెరా. అది ఒక చుక్కనే కనిపెట్టుకొని ఉండి, చుక్క జరిగినప్పుడల్లా మౌంటు మోటారును సర్దుతుంటుంది. ఎంతో మేలైన ఏర్పాటు. కానీ దానికి డబ్బు కావాలి, చాలాసార్లు చేలోకి లాప్‌టాప్ మోయాలి. కాలేజీ పిల్లలు, చిన్న ఉద్యోగస్తులు ఇప్పుడిప్పుడే ఈ సరదాలోకి వస్తున్నారు. గైడింగ్ లేదు కాబట్టి మన వల్ల కాదని వాళ్లు వెనక్కి పోకూడదు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ముందు ఆకాశం వేగం సంగతి. భూమి తన చుట్టూ తాను 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒకసారి తిరుగుతుంది. పంచాంగం చూసేవాళ్లకు కళలు, వికళలు తెలుసు. డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికళ. నిండు చంద్రుడి వెడల్పు సుమారు 30 కళలు, అంటే 1,800 వికళలు. భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే ఖగోళ మధ్యరేఖ దగ్గరున్న చుక్క సెకనుకు 15 వికళలు జరుగుతుంది. నా 200 మిల్లీమీటర్ల లెన్సుతో, 4.3 మైక్రాన్ల పిక్సెళ్లున్న నా కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 4.4 వికళల మేర చూస్తుంది. మీ లెక్క మీరు వేసుకోవాలంటే, పిక్సెల్ సైజును 206తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. ఈ ఒక్క లెక్క రాని రోజుల్లో నేను చీకట్లో చీకటినే తడుముకున్నాను.

మౌంటు లేకుండా, మామూలు స్టాండు మీద కెమెరా పెట్టి తీసేవాళ్లకు ‘500 సూత్రం’ అని ఒకటి చెబుతుంటారు. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చినన్ని సెకన్లు అని. 200 మిల్లీమీటర్లకు రెండున్నర సెకన్లు వస్తుంది. ఆ రెండున్నర సెకన్లలో ఓరియన్ చుక్క 37 వికళలు జరుగుతుంది. అంటే నా కెమెరాలో ఎనిమిదిన్నర పిక్సెళ్ల గీత. అది చుక్క కాదు, పుల్ల. చిన్న ప్రింటు వేసుకొని దూరం నుంచి చూసే రోజుల్లో ఆ సూత్రం సరిపోయిందేమో గానీ, ఇప్పటి పిక్సెళ్లకు సరిపోదు. స్టాండు మీద 200తో తీస్తే అర సెకనుకు మించకూడదు. వెడల్పు లెన్సులతో పాలపుంత తీసేవాళ్లకు స్టాండు చాలు. నెబ్యులాలు, గెలాక్సీలు కావాలంటే తిరిగే మౌంటు ఉండాల్సిందే.

మౌంటు తిరుగుతున్నా నా చుక్కలు ఎందుకు సాగాయి? ఆ చిక్కు విప్పింది మా అక్క కొడుకే. అప్పుడు వాడు తొమ్మిదో తరగతి. మంచివీ చెడ్డవీ వేరు చేయమని కూర్చోబెడితే, వాడు లాంగ్ నోటుబుక్కులో 60 ఫొటోల నంబర్లూ వరుసగా రాసి, మంచివాటికి చుట్టూ సున్నాలు చుట్టాడు. కాసేపటికి పిలిచాడు.

“మామా, ఇటు చూడు. మంచివి చెదురుమదురుగా లేవు. రెండు మంచివి, మూడు చెడ్డవి, మళ్లీ రెండు మంచివి. చివరిదాకా ఇంతే.”

నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నాను. అక్కడక్కడా ఒకటి తప్పినా, వాడు చెప్పింది నిజమే. ప్రతి ఐదు నిమిషాలకూ మంచివి వస్తున్నాయి.

మౌంటు లోపల ఒక పళ్లచక్రం ఉంటుంది. దాన్ని తిప్పడానికి మరలాంటి ఒక కడ్డీ, వర్మ్ అంటారు. నా మౌంటు చక్రానికి 144 పళ్లు. వర్మ్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక పన్ను ముందుకు పోతుంది. 23 గంటల 56 నిమిషాలను 144తో భాగించండి. దాదాపు 10 నిమిషాలు. అంటే వర్మ్ 10 నిమిషాలకు ఒక చుట్టు. ఆ మరను ఎంత శ్రద్ధగా కోసినా వెంట్రుకంత తేడా మిగులుతుంది. దానివల్ల మౌంటు ఒక ఐదు నిమిషాలు ఆకాశం కన్నా ముందుకు పోతుంది, ఇంకో ఐదు నిమిషాలు వెనకబడుతుంది. ఉయ్యాల ఊగినట్టు. ఉయ్యాల రెండు చివర్లలో ఒక క్షణం ఆగుతుంది కదా, మౌంటు కూడా చుట్టుకు రెండుసార్లు ఆకాశం వేగంతో సరిగ్గా కలుస్తుంది. మావాడు సున్నాలు చుట్టినవి ఆ క్షణాల చుట్టూ పడ్డ ఫొటోలే. దీన్ని పీరియాడిక్ ఎర్రర్ అంటారు. పుస్తకంలో నేనెప్పుడో చదివాను. వాడి నోటుబుక్కులోనే మొదటిసారి కళ్లారా చూశాను.

ఆ ఊపు ఎంతో కొలవడానికి గైడింగ్ సరంజామా అక్కర్లేదు. మామూలుగా ఉత్తరాన ఖగోళ ధ్రువం వైపు చూడాల్సిన మౌంటు ఇరుసును కావాలనే రెండు డిగ్రీలు పక్కకు తిప్పండి. దక్షిణం వైపు, మధ్యరేఖకు దగ్గరగా, ఉత్తర దక్షిణాలుగా పోయే నడినెత్తి గీత మీదున్న చుక్కకు కెమెరా గురిపెట్టండి. ఐఎస్ఓ 100కు తగ్గించి, లెన్సు బాగా మూసి, ఒకే ఫొటో 10 నిమిషాలు తీయండి. ఇరుసు తప్పుగా ఉంది కాబట్టి చుక్క నిలువుగా జారుతుంది. మరలోని తేడా వల్ల పక్కకు ఊగుతుంది. రెండూ కలిసి పాము పాకిన జాడలా ఒక వంపు గీత పడుతుంది. నాకు వచ్చిన గీత నిలువున 70 పిక్సెళ్లకు కాస్త పైన, ఆ చివరి నుంచి ఈ చివరికి ఊపు 9 పిక్సెళ్లు. పిక్సెల్‌కు 4.4 వికళల చొప్పున ఊపు 40 వికళలు. మార్కెట్లో ఎన్ని రివ్యూలు చదివినా మన మౌంటు సంగతి మన మౌంటే చెప్పాలి. ఒకే డబ్బా, ఒకే పేరు ఉన్న రెండు మౌంట్లు ఒకేలా ఊగవు.

10 నిమిషాల్లో 40 వికళల ఊపు అంటే, ఉయ్యాల నడిమధ్యలో వేగం సెకనుకు 0.21 వికళ. చుక్క ఎలాగూ రెండు మూడు పిక్సెళ్లు పరుచుకునే ఉంటుంది. ఇంకో ఒకటిన్నర పిక్సెల్ సాగినా కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది. నా లెన్సుకు అది 6.6 వికళలు. అంత సాగడానికి ఊపు జోరుగా ఉన్నప్పుడు కూడా 31 సెకన్లు పడుతుంది. కాబట్టి 30 సెకన్లు తీస్తే ఇంచుమించు అన్ని ఫొటోలూ నిలుస్తాయి. 45 సెకన్లకు సగం నిలుస్తాయి. 60కి మూడో వంతు. నాకు 60లో 21 నిలిచాయి కదా, లెక్క సరిపోయింది.

ఇది మౌంటు చెప్పే పైహద్దు. కిందిహద్దు ఒకటుంది, దాన్ని చెప్పేది ఆకాశం. మనలో చాలామంది పట్టించుకోనిది అదే.

మీ ఇంట్లో టిక్కు టిక్కుమనే గోడ గడియారం ఉందనుకోండి. పగలు, సంతరోజు, వీధి తలుపు తెరిచి ఉంటే దాని చప్పుడు మీకు వినపడదు. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక అదే గడియారం గదంతా నిండిపోతుంది. గడియారం మారలేదు, చుట్టూ ఉన్న సద్దు మారింది. మన కెమెరాలోనూ ఇలాంటి గడియారం ఒకటుంది. ప్రతి ఫొటో చివర, పిక్సెళ్లలో పోగైన వెలుగును లెక్కపెట్టేటప్పుడు కెమెరా తనవంతు కాస్త రవ్వ కలుపుతుంది. దాన్ని రీడ్ నాయిస్ అంటారు. ఒక సెకను తీసినా అంతే, పది నిమిషాలు తీసినా అంతే. టోల్ గేటు లాంటిది, దాటిన ప్రతిసారీ కట్టాలి. గంట సమయాన్ని 60 ముక్కలు చేస్తే 60 సార్లు, 240 ముక్కలు చేస్తే 240 సార్లు.

సంత సద్దు ఏమిటంటే, ఆకాశపు సొంత వెలుగు. దానికి తోడు, వీధిదీపాల వెలుగు దుమ్ము మీద పడి పైనుంచి తిరిగి వచ్చేది. ఆ వెలుగు వాన చినుకుల్లా పడుతుంది. సగటున 100 చినుకులు పడాల్సిన చోట ఒకసారి 90, ఒకసారి 110 పడతాయి. 100కు 10, 400కు 20, అంటే వర్గమూలమంత ఎగుడుదిగుడు. ఆకాశపు ఎగుడుదిగుడు ముందు కెమెరా రవ్వ వినపడకుండా పోయేంతసేపు షట్టర్ తెరిస్తే చాలు. అంతకన్నా ఎక్కువ తెరిచినందువల్ల మసక వివరాలకు లాభం పెద్దగా ఉండదు.

కాగితం పెన్నూ దగ్గరుంటే రాసుకోండి. నా కెమెరా రవ్వ 3 ఎలక్ట్రాన్లు, దాని వర్గం 9. ఆకాశం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు దానికి పదింతలు, అంటే 90 అయితే, మొత్తం నాయిస్‌లో కెమెరా వల్ల పెరిగేది 5 శాతమే. ప్రొద్దుటూరులో మా మిద్దె మీద, ఎఫ్ 4 దగ్గర, ఆకాశం ఒక్కో పిక్సెల్‌కు సెకనుకు సుమారు 4 ఎలక్ట్రాన్లు పోస్తుంది. 90 నిండడానికి 22 సెకన్లు చాలు. చేలో సెకనుకు 0.4. అక్కడ 90 నిండాలంటే 225 సెకన్లు, నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ. ఈ అంకెలు నా కెమెరావి, మీవి వేరుగా ఉంటాయి. ఎలక్ట్రాన్ల లెక్క వద్దనుకుంటే దగ్గరి దారి ఒకటుంది. 5, 10, 20, 40 సెకన్ల చొప్పున ఫొటోలు తీసి కెమెరా వెనక హిస్టోగ్రామ్ చూడండి. ఆకాశం గుట్ట ఎడమ గోడను వదిలి స్పష్టంగా విడిపడిన చోట మీ కిందిహద్దు ఉన్నట్టు.

ఊళ్లో చిక్కు లేదు. కిందిహద్దు 22, పైహద్దు 31. మధ్యలో 30 సెకన్లు హాయిగా కూర్చుంటుంది. మిద్దె మీద తీసేవాళ్లకు గైడింగ్ లేనందువల్ల పోయేది దాదాపు ఏమీ లేదు. ఇది గట్టిగా చెప్పాలనిపిస్తుంది నాకు. ఊళ్లో నిలబడి ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్ కోసం తాపత్రయపడే పిల్లలను చూశాను. వాళ్ల ఫొటో నిండా వీధిదీపమే.

చేలో పేచీ. ఆకాశం 225 అడుగుతుంది, మౌంటు 31 ఇస్తానంటుంది. అక్కడ ఏం చేయాలి? ఆ మొదటి రాత్రి నేను ఈ లెక్కలేవీ తెలియక రెంటికీ మధ్యలో 60 పెట్టాను. అది ఎంత నష్టపు బేరమో తర్వాత లెక్కవేస్తే తేలింది. చేలో ఒక గంట ఉన్నామనుకోండి. నిమిషం ఫొటోలు తీస్తే 21 నిలుస్తాయి. అందులో కెమెరా రవ్వ సుంకం తీసేస్తే, ఏ రవ్వా లేని కెమెరాతో 15 నిమిషాలు తీసినదానికి సమానం. 45 సెకన్లవి తీస్తే సగం నిలుస్తాయి, సుంకం పోగా 20 నిమిషాలకు సమానం. 30 సెకన్లవి తీస్తే సుంకం ఎక్కువే, కానీ అన్నీ నిలుస్తాయి. అదే గంటకు 34 నిమిషాలు దక్కుతాయి. ఇంకా తగ్గించి 15 సెకన్లకు దిగితే సుంకం బరువెక్కి 24కు పడిపోతుంది. చూశారా, శిఖరం ఎక్కడుందో. దాదాపు అన్ని ఫొటోలూ నిలిచే పొడవుల్లో అన్నిటికన్నా పొడవైనది. ఆ పైన ఒక్క అడుగు వేసినా పారేసే ఫొటోలు మింగేస్తాయి, ఆ కింద దిగితే సుంకం మింగుతుంది.

అందుకే ఎవరైనా అడిగితే మొదట చెప్పేది ఇదే. రాత్రికి మొదటి పది నిమిషాలు పరీక్షకు వదిలేయండి. వర్మ్ ఒక చుట్టు పూర్తయ్యేదాకా, అనుకున్న పొడవుతో తీయండి. పదింట తొమ్మిది గుండ్రంగా వస్తే అదే పొడవు. రాకపోతే తగ్గించండి. రెండు మూడు ఫొటోలు చూసి నిర్ణయించవద్దు, అవి ఉయ్యాల చివర పడ్డవై ఉండొచ్చు. నేను అలాగే మోసపోయాను. ఆ రాత్రి మొదటి రెండూ బ్రహ్మాండంగా వచ్చాయని సంబరపడి, కెమెరాను దాని మానాన వదిలేసి టీ తాగాను.

పైహద్దును పెంచే దారులున్నాయి. అన్నిటికన్నా సులువైనది చిన్న లెన్సు. 135 మిల్లీమీటర్లకు మారితే నా మౌంటే 45 సెకన్లు ఇస్తుంది. 50కి మారితే రెండు నిమిషాలు. రెండోది, లెన్సును ఒక మెట్టు తెరవడం. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 2.8కు పోతే ఆకాశం రెట్టింపు పోస్తుంది, కిందిహద్దు సగానికి దిగుతుంది. మూలల్లో చుక్కలకు రెక్కలు రావచ్చు, అది లెన్సును బట్టి. మూడోది, గురి. ధ్రువం వైపు జరిగేకొద్దీ మౌంటు ఊపు ఫొటోలో చిన్నదవుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీ మధ్యరేఖకు 41 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ ఊపు ముప్పావు వంతే, కాబట్టి 30 బదులు 40 సెకన్లు పెట్టొచ్చు. దక్షిణాన కూడా ఇదే లెక్క. ఒమేగా సెంటారి అనే బ్రహ్మాండమైన నక్షత్రగుచ్ఛం 47 డిగ్రీల దక్షిణాన ఉంటుంది. లండన్ వాళ్లకు అది అసలు ఉదయించదు. మనకు ఎండాకాలం మొదట్లో దక్షిణాన చేతికందేంత ఎత్తులో వచ్చి నిలబడుతుంది. మన అక్షాంశం మనకిచ్చిన వరం అది.

అదే అక్షాంశం ఇంకో చోట ఇబ్బంది పెడుతుంది. మౌంటు ఇరుసు ఖగోళ ధ్రువం వైపు చూడాలి. కడప వైపు ధ్రువ నక్షత్రం నేల నుంచి 14, 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. వేపచెట్టో, పక్కింటి నీళ్ల ట్యాంకో, దుమ్మో అడ్డం. పైగా ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువం మీద లేదు. నిండు చంద్రుడి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ దూరంలో ఉంది. నేరుగా దానికే గురిపెడితే చుక్కలు నిమిషానికి 10 వికళల దాకా జారతాయి. 30 సెకన్లకు 5. నాకు అది ఒక పిక్సెల్ పైనే. మౌంటు ఊపుకు ఇది తోడైతే కష్టం. తప్పును 10 కళల లోపలికి తెస్తే 30 సెకన్లలో జారేది ఒకటిన్నర వికళ కూడా ఉండదు. ధ్రువుడు కనపడకపోయినా ఆ మాత్రం సాధించొచ్చు. నడినెత్తి గీత మీద, మధ్యరేఖ దగ్గరున్న చుక్కకు గురిపెట్టి ఫొటో మొదలుపెట్టండి. ఐదు సెకన్లు కదపకుండా ఉంచి, అర నిమిషం మౌంటును మెల్లగా తూర్పుకు నడపండి, ఇంకో అర నిమిషం అదే వేగంతో పడమరకు. వెళ్లిన గీత, వచ్చిన గీత ఒకదాని మీద ఒకటి పడితే ఇరుసు ఉత్తర దక్షిణాలకు కుదిరినట్టు. కత్తెరలా విడిపోతే ఇరుసును కాస్త పక్కకు జరిపి మళ్లీ తీయండి. తూర్పు దిక్కు చుక్కతో ఇదే చేస్తే ఎత్తు కుదురుతుంది. మొదటిసారి నాకు గంటన్నర పట్టింది. ఇప్పుడు పావుగంట.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నెబ్యులా ఫొటో తీయడం మొదలైందే మన ఈ ఓరియన్ నెబ్యులాతో. 1880 సెప్టెంబర్ 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ 51 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో దాని మొదటి ఫొటో తీశాడు. 1883 జనవరి 30న ఇంగ్లండ్‌లో ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ తన 36 అంగుళాల అద్దంతో 37 నిమిషాలు తీశాడు. టెలిస్కోపులో కంటికి అందని చుక్కలు కూడా ఆ ఫొటోలో పడ్డాయి. మన హైదరాబాద్‌లోనూ, 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీ 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో ప్రపంచ నక్షత్ర పటం పనిలో పాలుపంచుకుంది. 17 నుంచి 23 డిగ్రీల దక్షిణ పట్టీ హైదరాబాద్ వంతు. ఆ కాలంలో ఆటోగైడర్ మనిషే. ఎక్స్‌పోజర్ జరుగుతున్నంతసేపూ గైడ్ టెలిస్కోపుకు కన్ను ఆనించి, అడ్డదారాల మీది నుంచి చుక్క తప్పుకోకుండా చేత్తో సర్దుతూ కూర్చోవాలి. వాళ్ల గాజుపలకల మీద 30 సెకన్లవి వందలు తీసి కలపడం కుదిరే పని కాదు. ఒక్క పలక, ఒక్క పొడవైన ఎక్స్‌పోజర్. మనకు కంప్యూటర్ ఉంది కాబట్టి ముక్కలు చేసి తీసి, తర్వాత కలపగలుగుతున్నాం. సిరిల్, డీప్‌స్కైస్టాకర్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి. వంద ఫొటోలు కలిపితే నాయిస్ పదో వంతుకు దిగుతుంది.

ముక్కలకూ ఖర్చుంది, దాచను. షట్టర్ అరుగుతుంది, మెమరీ కార్డు నిండుతుంది, కంప్యూటర్ గంటలు తింటుంది. ఇంకొకటి. గైడింగ్ లేనప్పుడు చుక్కలు ఫొటో ఫొటోకూ ఒకే దిక్కుకు కొద్దికొద్దిగా జారుతుంటాయి. కలిపాక నేపథ్యంలో ఏటవాలు వాన పడ్డట్టు చారలు కనిపిస్తాయి. పది ఫొటోలకొకసారి మౌంటును ఒకసారి అటు, ఒకసారి ఇటు, పది పదిహేను పిక్సెళ్ల మేర కదిపితే ఆ చారలు పోతాయి. మౌంటు మీద బరువు సమంగా కాకుండా తూర్పు వైపు కాస్త ఎక్కువ ఉంచితే పళ్లు ఒకదాన్నొకటి వదలకుండా ఆనుకొని ఉంటాయి. మిద్దె మీద తీసేటప్పుడు అటూ ఇటూ నడవకండి. మీ అడుగు చప్పుడు మీకు వినపడకపోయినా చుక్కకు వినపడుతుంది. ఓరియన్ తీసేవాళ్లు చివర ఐదేసి సెకన్లవి ఓ ఇరవై తీసుకోండి. నెబ్యులా గుండెలో నాలుగు చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, 30 సెకన్లకు ఆ చోటంతా తెల్లగా మాడిపోతుంది.

మరుసటి ఏడాది పుష్యమాసంలో మళ్లీ అదే చేనుకు వెళ్లాం. ఈసారి 30 సెకన్లు. గంటా ముప్పావు పాటు 210 ఫొటోలు. మావాడు నోటుబుక్కు తెచ్చుకున్నాడు గానీ సున్నాలు చుట్టే పని పడలేదు, పనికిరానివి నాలుగే. అవి కూడా మౌంటు తప్పు కాదు, గాలికి. పొద్దున అన్నీ కలిపి, మెల్లగా వెలుగు పెంచుతూ పోతుంటే, నెబ్యులాకు ఉత్తరాన, ఒర పైభాగంలో, నీలంగా ఏదో లేచింది. పల్చటి నీలిపొగ, మధ్యలో నల్లటి చీలికలు.

“మామా, ఇది ఏ ఫొటోలోనూ లేదే,” అన్నాడు వాడు.

“ఉందిరా, ఒక్కోదాంట్లో కొంచెం,” అన్నాను.

నమ్మలేదు. విడి ఫొటో ఒకటి తెరిచి అదే చోట చాలాసేపు వెతికాడు. తర్వాత ముందటేడు 21 ఫొటోలు కలిపిన బొమ్మను పక్కన పెట్టాడు. ఆ చోట రవ్వరవ్వగా బూడిద రంగే ఉంది. రెంటినీ మార్చి మార్చి చూస్తూ, అన్నం తినమని వాళ్లమ్మ మూడోసారి పిలిచేదాకా లేవలేదు.